లెఫ్టు కొట్టిన బంతి

ఆ ఊళ్ళో అతన్ని అందరూ గేటు అనేవారు. ఈడువాళ్ళు గేటు అనీ, చిన్నవాళ్ళు గేటుగారు అనీ. అసలు పేరు ఓటర్ల జాబితాలోనూ కరెంటు బిల్లు మీదా తప్ప మరెక్కడా కనపడేది కాదు. పళ్ళ డాక్టరమ్మ అయితే అది అతని ఇంటిపేరనే అనుకుంది. ఆరేళ్ళుగా ఆమె పంపే ప్రతి పొట్లం మీదా 'శ్రీ గేటు గారికి' అని గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా రాసి ఉంటుంది. అతను ఒక్కనాడూ దిద్దలేదు. దిద్దాలంటే కథంతా చెప్పాలి మరి.

అతను కట్టుడుపళ్ళు తయారు చేస్తాడు. క్లినిక్కు వెనకవీధిలో ఒక మేడ మెట్ల కింద గది. రోగి నోట్లోంచి తీసిన దవడ అచ్చు పొద్దున్నే అక్కడికి వస్తుంది. అందులో ప్లాస్టరు పోసి దవడ బొమ్మ తీస్తాడు. దాని మీద గులాబీరంగు మైనం పరిచి, ఒక్కో పన్నునూ వేలి కొసతో సర్దుతూ నిలబెడతాడు. తరవాత ఉడకబెట్టడం, చల్లార్చడం, అరగదీయడం, మెరుగు పెట్టడం. ఒక సెట్టు పూర్తవడానికి మూడు నాలుగు రోజులు. ఆ పళ్ళతో నవ్వే మనుషుల్ని మాత్రం అతను ఎప్పుడూ చూడడు. వాళ్ళు డాక్టరమ్మ దగ్గరికి వస్తారు, నోరు తెరుస్తారు, మూస్తారు, వెళ్ళిపోతారు.

గదిలో ఎదురుగా మూడు అరల నిండా ప్లాస్టరు దవడలు. వాటి పక్కన రేడియో. పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి వచ్చినా, పనిలో కూర్చోగానే రేడియో పెట్టేవాడు. వార్తలు చదివే ఆవిడకి జవాబులు చెప్పడం అతనికి అలవాటు.

"ఏటి మీద వంతెన వచ్చే వేసవికల్లా పూర్తవుతుందని మంత్రిగారు తెలిపారు" అని ఆవిడ అనేది.

"ఏ వేసవో అడక్కపోయావా తల్లీ?" అనేవాడు ఇతను, మైనం కరగబెడుతూ.

"రేపు కొన్ని ప్రాంతాల్లో చిరుజల్లులు పడే అవకాశం ఉంది."

"పడితే కొన్ని ప్రాంతాలు, పడకపోతే మిగతా ప్రాంతాలు. నీ మాట ఎటూ తప్పదులే."

ఎన్నికలు, రోడ్డు ప్రమాదాలు, ఎక్కడో దేశాల మధ్య యుద్ధం, నీళ్ళ పంపుల సమ్మె, అన్నిటి మీదా అతనికి ఒక అభిప్రాయం ఉండేది. అది వినేవి ఆ దవడలు మాత్రమే. అవి ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేవి కాబట్టి, ఆశ్చర్యపోయి వింటున్నట్టే ఉండేది.

ఊళ్ళో రెండు కాలేజీలు. ఒకటి గట్టు మీద, ఒకటి ఏటి పక్కన. వాటికి పెద్దపెద్ద పేర్లున్నా జనం నోట్లో అవి గట్టు కాలేజీ, ఏటి కాలేజీ. ఏడాదికొకసారి రెండింటికీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంది. ఆ వారం రోజులూ ఊరు నిట్టనిలువునా చీలిపోయేది. ఒకే ఇంట్లో అన్న గట్టు, తమ్ముడు ఏరు అయితే వాళ్ళమ్మ ఇద్దరికీ వేరువేరు వేళల్లో భోజనం పెట్టాల్సి వచ్చేది. మంగలి షాపులో కుర్చీలో కూర్చునే ముందు నువ్వెటు అని అడిగేవారు. తప్పు జవాబు చెబితే చెవి పక్కన కత్తెర కాస్త గట్టిగా చప్పుడు చేసేది.

ముప్పై మూడేళ్ళ కిందట అతను ఏటి కాలేజీ గోల్‌కీపరు. పొడుగ్గా, పెద్ద చేతులతో, స్తంభంలా నిలబడేవాడు. ఆ ఏడు ఒక్క గోలు కూడా వదల్లేదు. వదలడని ఊరంతా నమ్మింది. అన్నిటికంటే ముఖ్యం, అతనూ నమ్మాడు.

ఆ రోజు సన్నగా తుంపర. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఎవరికీ గోలు లేదు. గట్టు కాలేజీలో ఎడమకాలితో ఆడే కుర్రాడొకడున్నాడు. అందరూ లెఫ్టు అని పిలిచేవారు. వాడు పక్క నుంచి దూసుకొచ్చి, ఇద్దరిని తప్పించి, కొట్టాడు. కాలు జారిందో, బంతికి సరిగ్గా తగల్లేదో, అది దొర్లుకుంటూ వచ్చింది. చిన్నపిల్లలు గచ్చు మీద దొర్లించినట్టు, నింపాదిగా. ఇతను వంగాడు, చేతులు చాచాడు. బంతి తడినేల మీద చిన్న గంతు వేసి, రెండు చేతుల మధ్య నుంచి, రెండు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి వెళ్ళిపోయింది. వంగినవాడు వంగినట్టే కాళ్ళ సందులోంచి తల పెట్టి వెనక్కి చూశాడు. వల దగ్గర బంతి ఆగి ఉంది.

వల వెనక పేపరు ఫోటోగ్రాఫరు ఉన్నాడు. అదీ అతని ఖర్మ.

మర్నాడు ఆ ఫోటో మొదటి పేజీలో పడింది. ముందు, వంగి ఉన్న మనిషి కాళ్ళ మధ్య నుంచి తలకిందులుగా కనిపిస్తున్న ముఖం. కాస్త వెనగ్గా, రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి పరుగెత్తుకొస్తున్న లెఫ్టు. కింద రెండే ముక్కలు: 'గేటు తెరిచాడు!'

అంతే. ఆ రోజుతో అతని పేరు పోయింది.

పేరుతో పాటు ఇంకేం పోయాయో అతను ముప్పై మూడేళ్ళుగా లెక్కవేసుకుంటూనే ఉన్నాడు. ఒక బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగిన పెద్దమనిషి గట్టు కాలేజీవాడు, అతన్ని చూసి ముసిముసిగా నవ్వాడు. ఉద్యోగం రాలేదు. ఒక పెళ్ళి సంబంధం దాదాపు కుదిరింది. పిల్ల అన్నయ్య ఇంట్లో అడుగు పెడుతూనే "ఓ, గేటా!" అన్నాడు. అది కూడా అక్కడితో ఆగింది. ఉద్యోగానికి మరో కారణం ఉండొచ్చు. పిల్లకి పొడుగుమనిషి నచ్చకపోయి ఉండొచ్చు. అతను మాత్రం అన్నీ తీసుకెళ్ళి ఆ బంతి నెత్తినే వేశాడు. తరవాత ఎవరూ సంబంధాలు చూడలేదు, అతనూ చూడమనలేదు.

వేరే ఊళ్ళో ఉన్న అక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. "ఏరా, తిన్నావా? మోకాలు ఎలా ఉంది?" దగ్గర మొదలై మాట ఎటు తిరిగినా అతను ఎక్కడో ఒకచోట ఆ మ్యాచ్ తెచ్చేవాడు. ఒకసారి అక్కకి విసుగొచ్చింది.

"ఒరే, అందరూ ఎప్పుడో ఇళ్ళకెళ్ళిపోయార్రా. నువ్వొక్కడివే ఇంకా ఆ గ్రౌండులో వంగి నిలబడి ఉన్నావు" అంది.

అతనికి కోపం వచ్చి రెండు ఆదివారాలు ఫోన్ తీయలేదు. మూడో ఆదివారం తనే చేశాడు. ఫోన్ చేయడానికి అక్క తప్ప మరెవరున్నారు గనక.

మర్చిపోదామన్నా పేపరువాళ్ళు మర్చిపోనివ్వరు. ఏటా మ్యాచ్ వారంలో 'ఆ క్షణం' అని సగం పేజీ వేస్తారు. అందులో తప్పకుండా ఆ ఫోటో ఉంటుంది. ఇప్పుడు ఫోన్లు వచ్చాక మరీనూ. పాత విద్యార్థుల గ్రూపులో ఎవడో ఒకడు అది పెట్టడం, కింద నవ్వుతున్న బొమ్మలు వరసకట్టడం. అతనూ ఒక నవ్వుబొమ్మ పెట్టేవాడు. పెట్టకపోతే గేటుకి కోపం వచ్చిందంటారు. మ్యాచ్‌కి కూడా ఏటా వెళ్ళేవాడు. గోలు వెనక, గోడకి ఆనుకుని, ఒక్కడే నిలబడి చూసి, అయిపోగానే ఎవరితో మాట్లాడకుండా వచ్చేసేవాడు.

లెఫ్టుని ఆ తరవాత ఒకే ఒక్కసారి చూశాడు. మ్యాచ్ అయిన పదేళ్ళకనుకుంటా, బస్టాండులో. ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు. ఇద్దరికీ తెలిసింది. లెఫ్టు ముఖం తిప్పుకుని టైం పట్టిక కేసి చూస్తూ కూర్చున్నాడు, బస్సు వచ్చేదాకా. గెలిచినవాడి పొగరు అనుకున్నాడు ఇతను. పలకరిస్తే వాడి సొమ్మేం పోయేదని చాలాకాలం లోపల గొణుక్కున్నాడు.

ఈ ఏడు మ్యాచ్ శనివారం పడింది. గురువారం పొద్దున అతను ఎప్పటిలాగే పేపరు తెరిచాడు. ఆటల పేజీలో 'ఆ క్షణం'. దాన్ని చూసీ చూడనట్టు తిప్పేసి, వంతెన గురించి చదివి, ధరల గురించి చదివి, చివరికి చనిపోయినవాళ్ళ ప్రకటనల దగ్గరికి వచ్చాడు. కింద మూలన చిన్న ఫోటో. బట్టతల, లావుపాటి ముఖం, నవ్వుతున్న మనిషి. డ్రైవింగ్ స్కూలు యజమాని, పొరుగూరు, యాభై అయిదేళ్ళు. శనివారం ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ఆత్మీయులు ఇంటికి రావచ్చు.

పేరు చూస్తే ఏమీ తట్టలేదు. ముఖం చూసినా తట్టలేదు. కాని ఆ నవ్వులో ఎడమవైపు కోరపన్ను, పక్కపన్ను మీదికి ఎక్కి, కాస్త బయటికి తిరిగి ఉంది.

ముఖాలు లావెక్కుతాయి, జుట్టు రాలుతుంది. పన్ను మాత్రం పెట్టినచోటే ఉంటుంది. అతను పేజీలు వెనక్కి తిప్పి ఆటల పేజీ తీశాడు. నోరంతా తెరిచి పరుగెత్తుకొస్తున్న కుర్రాడు. ఎడమవైపు కోరపన్ను. అదే ఎక్కుడు, అదే తిరుగుడు.

ఒకే పేపరులో, అయిదు పేజీల తేడాతో, లెఫ్టు గోలు కొట్టాడు, చనిపోయాడు. ఆ ఇద్దరూ ఒక్కడేనని పేపరువాళ్ళకి తెలియలేదు.

టీ కొట్టుకి వెళ్తే అక్కడ మ్యాచ్ గోల. టీ కొట్టు యజమాని ఏటి పక్షం. "ఏంటి గేటుగారూ, ఎల్లుండి మనవాళ్ళు కొడతారా?" అన్నాడు.

"లెఫ్టు పోయాడు" అన్నాడు అతను.

"ఏ లెఫ్టు? లెఫ్టు బ్యాకా? మోకాలికి దెబ్బ తగిలిందన్నారు గాని, ఆడతాట్టగా!"

అతను టీ తాగి వచ్చేశాడు. ఆ రోజు రేడియోలో ఆవిడ ఏం చదివిందో అతని చెవిన పడలేదు. మైనంలో నిలబెట్టిన పన్నొకటి నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టాడు.

శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. పొరుగూరు గంటన్నర దూరం. ఎందుకు వెళ్తున్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు. ఆటల పేజీ మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాడు. ఎదురుగా వచ్చే బస్సుల్లో కుర్రాళ్ళు కిటికీల్లోంచి జెండాలు ఊపుతూ అరుస్తున్నారు. ఊరంతా మ్యాచ్‌కి వస్తుంటే అతనొక్కడూ ఎదురు దిక్కుకి పోతున్నాడు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు నెత్తిన బోర్డుతో కారు ఆగి ఉంది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, పదిమంది దాకా జనం. అందరూ లెఫ్టు దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళే. ఎవరెవరు ఏ గోడకి గుద్దారో, ఆయన ఎలా తిట్టకుండా ఊరుకున్నాడో మెల్లగా చెప్పుకుంటున్నారు. లెఫ్టు భార్య లోపల కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కూతురికి పాతికేళ్ళుంటాయి. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తోంది. నవ్వబోయి ఆపుకున్నప్పుడు చూశాడు, ఆమెకి పళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. తల్లి పోలిక.

"మీరు ఏ బ్యాచ్ అంకుల్?" అంది గ్లాసు అందిస్తూ.

"బ్యాచ్ కాదమ్మా. నాకు కారు రాదు. మేం కలిసి ఆడాం."

"ఏం ఆడారు?" లోపలి నుంచి భార్య అడిగింది. "పేకాటా? ఆయన ముక్క ముట్టేవాడు కాదే!"

"ఫుట్‌బాల్ అమ్మా."

తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీధి తప్పి వచ్చాడేమోనన్న అనుమానం ఇద్దరి కళ్ళలోనూ కనపడింది.

"మీరు ఎవరనుకుని వచ్చారో..." అంది భార్య మర్యాదగా. "ఈయన ఆటలాడే మనిషి కాదండీ. టీవీలో ఆట వస్తే లేచి అవతలికి వెళ్ళేవాడు. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు, ఒక్కరోజు బంతి మాట ఎత్తలేదు."

అతని గ్లాసు చేతిలోనే ఆగిపోయింది. ముప్పై మూడేళ్ళు. లెఫ్టు రోజూ ఇంట్లో కూర్చుని ఆ గోలు చెప్పుకుని నవ్వుతుంటాడని, చుట్టాలొస్తే లేచి నటించి చూపిస్తాడని, పిల్లలకి గోరుముద్దలతో పాటు తన తలకిందుల ముఖం కథ తినిపిస్తాడని అతను ఎన్ని రాత్రులు ఊహించుకున్నాడో. ఇక్కడ ఆ మాటే లేదు. ఇన్నాళ్ళుగా తనని తొక్కి పెట్టిన బండ అవతలివాడి ఇంట్లో గులకరాయి పాటి కూడా కాదు.

"కాలేజీలో... గట్టు కాలేజీలో చదివాడు కదమ్మా?"

"చేరాడటండీ. ఆఖరేడు తప్పాడు. మళ్ళీ కట్టలేదు. ఆ మాటెత్తితే ముఖం మాడ్చుకునేవాడు. ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చినా బస్టాండు దాటి లోపలికి పోయేవాడు కాదు. ఎవరైనా గుర్తుపట్టి 'ఏం చేస్తున్నావు' అంటారేమోనని బిడియం." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మాకు తెలిసిందల్లా ఆ కారూ ఈయనా. పక్కసీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆ ఎడమకాలు నేలని తొక్కుతూనే ఉండేది. ఎన్నిసార్లు చెప్పినా కుడికాలు వాడేవాడు కాదు."

"వాడడమ్మా," అన్నాడతను. "లెఫ్టు అనేవాళ్ళం. ఊరంతా అలాగే పిలిచేది."

కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చెప్పండి అంకుల్. ఎలా ఆడేవారు నాన్న?"

ఆ కథ అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, అందరికీ ముందే తెలుసు. మొదటిసారి, తెలియనివాళ్ళు దొరికారు.

లేచి రెండు కుర్చీలు ఎడంగా జరిపాడు. "ఇది గోలు అనుకో. అదిగో ఆ గుమ్మం దగ్గర మీ నాన్న." తుంపర పడుతోందన్నాడు. రెండు నిమిషాలే ఉందన్నాడు. వరండాలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కారు నేర్చుకున్నవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లెఫ్టు ఎలా ఒకడిని భుజంతో ఊరించి పక్కకి పంపాడో, రెండోవాడి కాళ్ళకి అందకుండా బంతిని ఎలా తప్పించాడో అతను నడిచి చూపించాడు. యాభై నాలుగేళ్ళ మోకాలు కిర్రుమంది. లెక్క చేయలేదు.

"ఇక్కడి నుంచి కొట్టాడమ్మా. ఎడమకాలితో. అలాంటి దెబ్బ నేను మళ్ళీ చూడలేదు. బంతి నేలని రాసుకుంటూ... కనపడలేదసలు. పక్కకి పోతున్నట్టు వచ్చి, చివర్లో ఇటు తిరిగింది. ఎవడు నిలబడినా ఆగదది. ఎవడైనా సరే."

చెబుతుంటే అతనికే తెలిసింది, అబద్ధం చెబుతున్నాడని. ఆ నింపాది బంతి అతని నోట్లో పిడుగైపోయింది. నోరు ఆగలేదు. ఆగాలనీ అనిపించలేదు.

గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఇది చావిల్లని గుర్తొచ్చి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

అతను పేపరు తీసి మడత విప్పాడు. కూతురు చాలాసేపు చూసింది. "ఇది నాన్నేనా? ఇంత సన్నంగానా?" అంటూనే వేలు ఆ పన్ను మీద ఆనించింది. "అమ్మా! నాన్న పన్నే! చూడవే!" తల్లి కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చింది. ఇద్దరూ ఆ కాగితం మీద వంగి నవ్వారో ఏడ్చారో అతను చూడలేదు, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇందులో మీరెక్కడున్నారు అంకుల్?"

అది అడుగుతారని అతను అనుకోలేదు. ఒక్క క్షణం, నేను ఫోటోలో లేనమ్మా అందామనుకున్నాడు.

"ఇదిగో. ఈ వంగినవాణ్ణి."

ఆమె కాగితాన్ని తలకిందులు చేసి పట్టుకుంది, ముఖం సరిగ్గా కనపడేలా. కాగితాన్నీ అతన్నీ మార్చిమార్చి చూసింది. ఈ ముప్పై మూడేళ్ళలో ఆ ఫోటోని ఎవరూ అలా తిప్పి చూడలేదు. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"అయ్యో అంకుల్," అంది మెల్లగా. "చాలా భయపడిపోయి ఉన్నారు ఇందులో."

అతను తలూపాడు.

"ఓడించినవాడి కోసం ఇంత దూరం వచ్చారా?" అంది భార్య.

"ఆ నిమిషంలో ఉన్నది మేమిద్దరమే కదమ్మా," అన్నాడు. సంచి సర్దుకున్నాడు. పేపరు వాళ్ళ దగ్గరే వదిలేశాడు. కూతురు వీధి చివరి దాకా వచ్చి ఫోన్ నంబరు తీసుకుంది. "ఎప్పుడైనా రండి అంకుల్, కారు నేర్పిస్తాను. స్కూలు ఇక నేనే చూసుకుంటా" అంది.

తిరుగు బస్సులో అతను బస్టాండు బల్ల గురించి ఆలోచించాడు. టైం పట్టిక కేసి చూస్తూ కూర్చున్న మనిషి. పొగరు అనుకున్నాడు తను. 'ఏం చేస్తున్నావు' అని అడుగుతానేమోనని భయపడ్డాడు వాడు. వాడు తిరిగి అదే అడిగితే చెప్పడానికి తన దగ్గర మాత్రం ఏముంది. ఇద్దరూ ఒకరికొకరు భయపడి రెండు బల్లల మీద అరగంట కూర్చున్నారు.

ఊళ్ళోకి వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. ఎవరికీ గోలు రాలేదట. జనం నీరసంగా ఇళ్ళకి పోతున్నారు. ఎవరూ అతన్ని ఎందుకు రాలేదని అడగలేదు.

సోమవారం అతను పేపరాఫీసుకి ఉత్తరం రాశాడు. 'మీరు ఏటా వేసే ఫోటోలోని ఆటగాడు పోయిన వారం మరణించారు' అని, లెఫ్టు అసలు పేరు, ఊరు, వృత్తి. సంతకం పెట్టేటప్పుడు తన అసలు పేరు రాసి, వాళ్ళకి తెలియదేమోనని కింద 'గేటు' అని కూడా రాశాడు. గురువారం నాలుగు లైన్లు వేశారు. ఆ రోజంతా టీ కొట్టులో అదే మాట. "అరెరె, లెఫ్టా! ఎంత చిన్న వయసు!" "అదేం గోలు సామీ!" గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు అరవై దాకా వచ్చాయి. శుక్రవారం నీళ్ళ పంపులవాళ్ళు మళ్ళీ సమ్మెకి దిగారు. మాట అటు మళ్ళింది.

ఆదివారం అక్కకి అంతా చెప్పాడు. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో "వెళ్ళొచ్చి మంచి పని చేశావు" అని, "ఆ పిల్ల నేర్పిస్తానంది కదా, వెళ్ళరాదూ?" అంది. చూస్తానన్నాడు. రెండు శనివారాలు బస్టాండు దాకా వెళ్ళాడు. ఏదో మర్యాదకి అన్నమాట పట్టుకుని ఈ వయసులో బయల్దేరితే ఏం బావుంటుందని తిరిగి వచ్చేశాడు.

నెల తరవాత లెఫ్టు కూతురే ఫోన్ చేసింది.

"అంకుల్, చిన్న సాయం. ఆ ఫోటో పెద్దది చేయించి స్కూల్లో పెడదామనుకుంటున్నా. నాన్న ఆ రోజు ఏ నంబరు చొక్కా వేసుకున్నాడు? నంబరు వీపు మీద ఉంటుంది కదా, ఫోటోలో పడలేదు. కింద రాయిద్దామని."

అతను నోరు తెరిచాడు. ఆ రోజు తుంపర ఎటు నుంచి పడిందో తెలుసు. వల కుడివైపు ఎన్ని చోట్ల తెగి ఉందో తెలుసు. బంతి మీద ఏ కుట్టు ఊడిందో తెలుసు. లెఫ్టు వీపు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. తను చూసిందల్లా ఎదురుగా వస్తున్న మనిషినే.

"కనుక్కుని చెబుతానమ్మా" అన్నాడు.

పని మధ్యాహ్నానికే కట్టేసి గట్టు కాలేజీకి వెళ్ళాడు. ముప్పై మూడేళ్ళలో ఆ గట్టెక్కడం అదే మొదలు. ఆఫీసు గుమాస్తా పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయన్నాడు. ఆటల మాస్టారు కొత్తవాడు, పాత కప్పుల బీరువా తాళం తన దగ్గర లేదన్నాడు. మర్నాడు ఆనాటి జట్టువాళ్ళు ఇద్దరి ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒకాయనకి లెఫ్టే సరిగ్గా గుర్తులేడు. రెండో ఆయన పదకొండు అన్నాడు, కాసేపాగి ఏడన్నాడు, అంతలోనే "పదకొండు నాది కదూ!" అన్నాడు.

మూడు రోజులు ఆగి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఏడు అని చెబితే సరిపోతుంది. కాదనేవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. ఆ రోజు వాళ్ళింట్లో అంత పెద్ద అబద్ధం అంత సులువుగా వచ్చిన నోటికి ఈ చిన్న అంకె రాలేదు.

"తెలియలేదమ్మా. అందరినీ అడిగాను."

"అయ్యో, పర్లేదు అంకుల్. నంబరు లేకుండానే పెట్టేస్తాలెండి. మీకు శ్రమ ఇచ్చాను."

"శ్రమేం లేదమ్మా."

అవతల ఎవరో కారు స్టార్ట్ చేశారు. క్లచ్ వదలమని ఆమె ఎవరికో చెప్పింది. "ఉంటాను అంకుల్, క్లాసుంది" అంది.

"ఉండమ్మా" అన్నాడు. అనేసరికే ఫోన్ పెట్టేసింది.

ఇక ఆమెకి ఫోన్ చేయడానికి అతని దగ్గర కారణం లేదు. అతనికి చేయడానికి ఆమె దగ్గరా లేదు. డాక్టరమ్మ దగ్గర నుంచి కొత్త అచ్చు వచ్చి ఉంది, ఎవరో పెద్దావిడది, పైదవడ. ప్లాస్టరు కలిపాడు. అది గట్టిపడేలోగా పోయాలి కాబట్టి, లేచి పోశాడు.